నూట పద్నాలుగు, నూట పదిహేడు

“...ఇయ్యనే లేదంటున్న గద. ఇయ్యనిదాంట్ల నీకు రక్తం ఎట్ల కనవడ్డదయ్యా?”

“నాకు కాదవ్వా, ల్యాబుల కనవడ్డది. నూట పద్నాలుగో నంబరు నీదేనాయె. ఏలిముద్ర గూడ ఉన్నది.”

“ఏలిముద్ర డబ్బా తీస్కున్నందుకు ఏసిన. ఆ డబ్బాల మిరప ఇత్తునం పోసుకున్న. ఇంట్లున్నది, పోయి సూస్కో.”

“మోషన్ డబ్బాల ఇత్తునమా? మొలుస్తదా మరి?”

“నీ నోట్ల పోస్తే మొలుస్తది. నన్నడుగుతవేంది, మా జమునను అడుగు.”

జమున జీపుకు అవతలి పక్కనుంది. ఐసు పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, ఎత్తకుండా అట్లాగే నిలబడిపోయింది. కల్లంలో ఆరబోసిన మిర్చి ఘాటుకు డ్రైవర్ వీరేందర్ తుమ్ముతున్నాడు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య సక్రితో వాదిస్తున్నాడు. మామూలు రోజైతే జమున నవ్వేది. ఇవాళ వాళ్ల వైపు తిరగను కూడా లేదు.

బయ్యారం దగ్గరి ఈ తండాకు కోడలై వచ్చి పదకొండేళ్లు. ఇంటర్ చదివింది. పేగు జబ్బుల మీద పరిశోధన చేసే ప్రాజెక్టులో చేరి రెండేళ్లయింది. నెలల తరబడి విరేచనాలయ్యే మనుషులకు ఉన్నది పేగు క్షయనా, క్షయ కాని పేగువాపా అని దవాఖానాల్లో తేల్చలేకపోతున్నారట. మలంలో వాపు జాడ పట్టే పరీక్షతో ఆ తేడా తెలుస్తుందేమోనని చూస్తున్నారు. దానికి జబ్బున్నవాళ్ల నమూనాలు కావాలి, ఏ జబ్బూ లేనివాళ్లవీ కావాలి. తండాలో ఆ పని జమునది. కాగితాల్లో ‘మలం నమూనా’ అని ఉన్నదాన్ని తండా భాషలోకి తెచ్చి, ఆడవాళ్లు మొహం తిప్పుకోకుండా అడగడం ఆమె తనంతట తాను నేర్చుకుంది. డబ్బా మీద పేరుండదు, నంబరే ఉంటుంది, మీదని ఎవరికీ తెలియదు అని చెప్పేది. ఆ మాటకే చాలామంది ఒప్పుకున్నారు.

సక్రి డబ్బా తీసుకుంది గాని, నింపి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. మిరప ఏరడానికి చీకటితోనే చేనుకు పోతుంది, పనేదో అక్కడే చూసుకుంటుంది. “దాన్ని చేతుల పట్టుకొని పొయ్యి దాటి ఇంట్లకు ఎట్ల తెస్తనే?” అన్నది. అదే వాడలో ఉండే గట్టమ్మేమో డబ్బా గూట్లో పెట్టి, చెల్పూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇద్దరూ జబ్బు లేనివాళ్ల జాబితాలోనివాళ్లు. డిసెంబరు ఆఖరుకు తండా నుంచి నలభై డబ్బాలు వెళ్లాలి. ముప్పై ఎనిమిది వచ్చాయి. మంచిగున్నవాళ్లది ఎవరిదైతే ఏంది అనుకుంది జమున. ఆఖరి రోజు పొద్దున రెండు కొత్త డబ్బాలు తనే నింపి, మూతలు బిగించి, ఆ ఇద్దరి నంబర్లు అంటించింది.

తను మంచిగున్నదని నమ్మే నింపింది. దసరా నుంచి రోజుకు నాలుగైదుసార్లు కడుపు కదులుతున్న మాట నిజమే. మిర్చి కాలంలో తండాలో ఎవరి కడుపు చల్లగా ఉంటుంది? జాకెట్లు వదులైతే కుట్టు వేసుకుంది. రక్తం చూడలేదా అంటే, చూసింది. చూసి నీళ్లు పోసేసింది.

“జమునా, నువ్వన్న చెప్పరాదు ఈ అవ్వకు,” అని వీరేందర్ పిలిచాడు. “గురువారం పొద్దుగాల జీపు తెస్త. వరంగల్ల పేగుకు పైపు పరీక్ష. నొప్పేం ఉండదట.”

“నీకు ఏసిండ్రా, నొప్పి ఉండదని చెప్పనీకి?” అన్నది సక్రి.

జమున జీపు చుట్టూ తిరిగి వచ్చింది. వీరేందర్‌కు అర్థం కాకుండా తమ లంబాడీ భాషలో, తండాలో పెద్దవాళ్లను అమ్మా అని పిలిచినట్టే పిలిచి, మెల్లగా అన్నది. “యాడీ, ఇచ్చి మర్చిపోయినవేమో.”

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. సక్రి కాలికేదో తట్టుకున్నట్టుగా ఒక అడుగు వెనక్కి వేసింది. జమున మొహంలోకి చూసింది. తరువాత వంగి, బాగానే ఉన్న మిరపకాయల్లోంచి తాలు ఏరడం మొదలుపెట్టింది.

జీపు ఇల్లెందు రోడ్డెక్కకముందే సక్రి పరుగులాంటి నడకతో వచ్చి జమున కిటికీ దగ్గర ఆగింది.

“బిడ్డా, నేను నిజంగనే ఇచ్చిన్నా? నాకు యాది లేదా?” ఆయాసపడుతోంది. “నాకు తెల్వకుంటనే రక్తం పోతున్నదా? మీ నాయినకు గిట్లనే గద మొదలైంది.”

“ఏం కాదు యాడీ,” అన్నది జమున.

“మా పిల్లగానికి చెప్పాల్నా?”

“ఏం కాదన్న గద.”

మహబూబాబాద్ దాకా జమున కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. వాళ్ల నాయిన లక్ష్మా కొడకండ్లలో ఒక ఆసామి దగ్గర జీతం చేసేవాడు. మొదట బక్కపడ్డాడు. మొలలని మెడికల్ షాపులో మందు తెచ్చుకున్నాడు, రెండేళ్లు. పైపు వేసి చూసేసరికి డాక్టర్లు ఆయనతో మాట్లాడడం మానేసి, పక్కకు పిలిచి అమ్మతో మాట్లాడారు. వరండాలో ఆ గుసగుస విన్నప్పుడు జమునకు పదహారేళ్లు. అప్పటినుంచీ దవాఖానలో ఎవరైనా గొంతు తగ్గించారంటే ఆమె అరచేతులు చెమటలు పడతాయి. ఇప్పుడు రెండు చేతులూ చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. మళ్లీ తడిసిపోయాయి.

ప్రాజెక్టు గదిలో, దాన్ని నడిపే డాక్టరు అరుంధతి మేడం ల్యాప్‌టాప్ ముందున్నారు. ఆమె ఎప్పుడూ గొంతు పెంచరు. ఇవాళ మాత్రం కళ్లు మెరుస్తున్నాయి.

“జమునా, ఇటు రా. ఇది చూడు. వాపు అంకె మామూలుగా యాభై లోపు ఉండాలి. నూట పద్నాలుగుది పదకొండు వందల ఎనభై. నూట పదిహేడుది పన్నెండు వందల నలభై. ఇద్దరూ జబ్బు లేనివాళ్లు! ఒకటే వాడ, ఒకటే బోరు. ఇంత దగ్గర దగ్గరగా రావడం నేనింతవరకు చూడలేదు.”

“ఎక్కువనా మేడం, అది?”

“చాలా ఎక్కువ. లోపల పేగు పుండై ఉంటుంది. ఇంకా ఆలస్యం చేయొద్దు.” ఆమె కుర్చీ ఇటు తిప్పారు. “నీళ్లలోనే ఏదో ఉందని నా అనుమానం. హైదరాబాదు వాళ్లతో మాట్లాడాను. ఆ బోరు మూయించమని రాస్తున్నాను. తండా అంతా మళ్లీ పరీక్ష చేద్దాం. నువ్వు లేకపోతే ఈ పని జరిగేది కాదు, తెలుసా?”

వాడకంతటికీ అదొక్కటే బోరు. జమున గోడకు ఆనుకుంది. పొట్టలో కింద ఎడమవైపు మెలిపెట్టినట్టయింది. అది రోజూ వచ్చేదే. రోజూ దాన్ని కారం అనుకునేది. ఇప్పుడు దానికి ఒక అంకె వచ్చింది.

“పుండంటే... క్యాన్సరా మేడం?”

“పైపు వేసి, ముక్క తీసి చూస్తేగాని చెప్పలేం. కాకపోవచ్చు. తొందరగా దొరికితే చాలావాటికి మందులున్నాయి.” అరుంధతి మేడం ఆమెను తేరిపార చూశారు. “ఏమైంది? సక్రి రానంటున్నదా? భయపడుతున్నదా?”

“భయపడుతున్నది.”

“నువ్వు నచ్చజెప్పు. నీ మాట వింటుంది. నువ్వు గట్టిగా చెప్తే అందరూ వింటారు.”

వీరేందర్ గురువారం జీపులో ఎక్కేవాళ్ల కాగితం పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. “పేర్లు ఖాయం చేస్తే ఆస్పత్రికి ఫోన్ చేస్త మేడం. సక్రి, గట్టమ్మ. ఇద్దరేనా?”

జమున గొంతు తగ్గించలేదు.

“ఆ రెండు డబ్బాలు నేనే నింపిన మేడం. రెండిట్ల ఉన్నది నాదే. బోరు మూయించకుండ్రి. గురువారం వాళ్లు రారు, నేనొస్త.”