మలుపు దగ్గర వదిలేసిన లారీ

మొన్న ఒడిశా వైపు నుంచి ఘాటీ దిగుతుంటే కారు కిటికీలోంచి కాలిన బ్రేకుల వాసన వచ్చింది. ముందు వెళ్తున్న లారీ వెనక చక్రాల దగ్గర సన్నగా నీలం పొగ లేస్తోంది. మా అబ్బాయి ముక్కు మూసుకుని అద్దం ఎక్కించాడు. వాడికది ఒట్టి కంపు. నేను మాత్రం నా పక్క అద్దం దించే ఉంచి, ఆ లారీ వెనకే నెమ్మదిగా దిగాను. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముందు డ్రాగన్లు గుర్తొస్తాయి, తర్వాత నూకాలు గుర్తొస్తుంది, ఆ వెనకే నా పిరికితనం గుర్తొస్తుంది.

డ్రాగన్ల సంగతి కొంచెం చెప్పాలి. నేనూ మరికొందరూ కలిసి ఫోన్లో ఒక గ్రూపు నడుపుతున్నాం. ఘాటీ రోడ్డులో మలుపుకొక డ్రాగన్ కాపురముండే లోకం అది. ఎవరైనా వచ్చి, తమకంటూ ఒక డ్రాగన్ని కల్పించుకుని, ఆ లోకంలో కథలు రాసుకోవచ్చు. కొత్తగా వచ్చేవాళ్ళకు దారులూ పద్ధతులూ చెప్పి లోపలికి తీసుకెళ్ళే పని నాది. అందుకని ఆ లోకాన్ని నేనే పుట్టించానని చాలామంది అనుకుంటారు. కాదు. ఒకప్పుడు నేనూ అందులోకి కొత్తగా వచ్చినవాణ్ణే. అందరికంటే చెడ్డ కొత్తవాణ్ణి కూడా.

నేను ఆరో తరగతిలో ఉండగా మా నాన్నకి రాజాం నుంచి సాలూరు బడికి బదిలీ అయింది. మేం దిగిన ఇంటి వెనక గోడ అవతలే లారీలకు బాడీలు కట్టే షెడ్డు. తెల్లవారితే రంపం చప్పుడు, సుత్తి చప్పుడు, మధ్యాహ్నం వెల్డింగు మెరుపులు, సాయంత్రానికి రంపపు పొట్టు వాసనా రంగు డబ్బాల వాసనా కలిసి మా వంటింట్లోకి వచ్చి అమ్మ పెట్టిన పులుసు రుచి కూడా మార్చేసేవి. ఎండాకాలంలో ఘాటీ దిగివచ్చిన లారీల నిండా పనసకాయలుండేవి, చలికాలంలో అల్లం, చింతపండు. తాడు విప్పేటప్పుడు జారిపడ్డ పనసకాయ మాదే. దాన్ని కొబ్బరినూనె రాసుకున్న చేతులతో చీల్చుకుని, తొనలు తిని, పిక్కలు షెడ్డు పొయ్యిలో కాల్చుకుని, నిప్పు చల్లారకముందే నోట్లో వేసుకుని నాలుక కాల్చుకునేవాళ్ళం. ఘాటీ దిగిన ప్రతి లారీ చక్రాల దగ్గరా ఆ బ్రేకుల వాసన ఉండేది. ఊరంతా అదే వాసన. దేవుడి గదిలో కర్పూరం వెలిగించినా దాని కిందుగా అది తెలుస్తూనే ఉండేది.

నూకాలు లారీ డ్రైవరు అప్పలస్వామి కూతురు, నాకంటే ఒక ఏడాది పెద్దది. షెడ్డులో వెల్డరు కొడుకు దానియేలు ఆమెకు కుడిభుజం. వాడు ఆదివారం చర్చి బడిలో చూసిన బొమ్మలో ఏడు తలల ఘటసర్పం, అదే బైబిలు డ్రాగన్, ఉందని చెప్తే, నూకాలు కాసేపు ఆలోచించి, "ఏడు తలలెందుకురా, తిండి దండగ. ఒక్క తల సాలు" అందట. అలా ఆ లోకం మొదలైంది. నేను చేరేసరికి వాటికి డ్రాగన్లని పేరు కూడా వచ్చేసింది.

నన్ను లోపలికి తీసుకున్న రోజు బాగా గుర్తు. అప్పలస్వామి నడిపే లారీకి షావుకారు కొత్త బాడీ కట్టిస్తున్నాడు. రంగు పడని ఆ చెక్క బాడీలో మేం కూర్చున్నాం.

"సూడు మేష్టారి గుంటడా," అంది నూకాలు, "ఘాటీ మీద మలుపుకో డ్రాగన్ ఉంటాది. లారీ దిగతన్నప్పుడు సక్రం కిందకి దూరి గోళ్ళతో పట్టుకుంటాది. పట్టుకుని పట్టుకుని ఒళ్ళు కాలతాది. ఆ వాసనే ఇది."

"యుద్ధాలు చెయ్యవా?" అన్నాను.

"ఎవుడితో సేస్తాయి? లారీని పట్టుకోడానికే సరిపోతాది టైము."

దానియేలు నవ్వాడు. తర్వాత ఆమె పద్ధతులు చెప్పింది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఒక మలుపు తీసుకుని, ఒక డ్రాగన్ని పుట్టించి, దాని కథ ఒకటి రాయాలి. వడ్రంగి పెన్సిలుతో బాడీ చెక్కల లోపలివైపు రాయాలి. దానిమీద రంగు పడిపోతుంది, కథ లారీతోపాటు కొండెక్కుతుంది. ఒకసారి రాసింది ఎవరూ కొట్టెయ్యకూడదు. ఎవరి డ్రాగన్ ఏం చేసిందో వాళ్ళ నోటితోనే చెప్పాలి, ఇంకొకళ్ళు చెప్తే చెల్లదు. నూకాలు డ్రాగన్ పేరు గోళ్ళమ్మ, దానియేలుది ఇనపతోక.

నాకు ఆ డ్రాగన్లు చప్పగా అనిపించాయి. రాజాంలో అద్దె పుస్తకాలు చదివి వచ్చిన గర్వం నాకుండేది. పట్టుకోవడం, కింది మలుపు డ్రాగన్‌కి అప్పగించడం, మళ్ళీ పట్టుకోవడం, ఇదీ ఒక కథేనా అనుకున్నాను. ఆ మర్నాడు బడి వదలగానే ఒక్కణ్ణే షెడ్డుకు వెళ్ళి, డ్రైవరు క్యాబిన్‌కి ఆనుకునే చెక్క మీద నా కథ రాశాను. నా డ్రాగన్ పేరు కునుకు. దానికి బద్ధకం. ఒకరోజు లారీ మలుపులోకి వచ్చేసరికి అది తూగుతుంది, గోళ్ళు సడలుతాయి, లారీ లోయలోకి పోతుంది. లారీ పడేటప్పటి చప్పుడు కోసం చాలాసేపు ఆలోచించి మంచి మాట వేశానని మురిసిపోయాను కూడా. సాయంత్రానికి పెయింటరు దానిమీద ఎర్రటి ప్రైమరు పూసేశాడు.

కొత్త బాడీతో లారీ ఉప్పు వేసుకుని ఘాటీ ఎక్కిన రోజు నేను నూకాలు ఇంట్లోనే ఉన్నాను. అప్పలస్వామి చెప్పులు వేసుకుని, "వస్తానే" అన్నాడు తప్ప వెళ్తానని అనలేదు. ఆమె తల్లి పైడమ్మ ఎప్పుడొస్తావని అడగలేదు. ఆ ఇంట్లో ఎవరూ అడగరు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చీపురు ముట్టుకోలేదు. తర్వాత మాకు రాగి జావలాంటి చోడి అంబలి పోసి, నంజుకోడానికి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా ఇచ్చింది. కడుపు నిండి, గోడకి జారబడి, నేను మామూలుగానే అన్నాను, "అబ్బ, ఒక కునుకు తీస్తే బాగుణ్ణు."

పైడమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఒరే! ఆ మాటెత్తకు. ఈ ఇంట్లో ఆ మాటెత్తకు. తొంగుంటానను, నడుం వాలుస్తానను. ఆయన ఘాటీ మీదున్నాడు నాయనా."

ఆమె కోప్పడలేదు. అదే భయపెట్టింది. ఆ మాట వినపడకూడదన్నట్టు గుమ్మంవైపు చూసింది. అప్పుడు అర్థమైంది నాకు. స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి లోయకంటే పెద్ద శత్రువు ఏదో, ఏ పేరు ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఎవరూ ఎత్తడంలేదో, దాన్నే నేను డ్రాగన్ని చేసి, ఆయన వీపు వెనక చెక్క మీద కూర్చోబెట్టి పంపించాను.

ఆ రాత్రి నుంచి వాన. సాలూరులో వాన కొండ మీంచి నడిచివస్తున్నట్టుంటుంది, ముందు చప్పుడు, తర్వాత చల్లదనం, తర్వాత నీళ్ళు. వేగావతి ఏరు ఎర్రగా పొంగింది. రావలసిన రోజున లారీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు. ఘాటీ సగం దాకా వెళ్ళి తిరిగొచ్చిన ఒకరిద్దరు డ్రైవర్లను వీధిలోవాళ్ళు అడిగితే పైన దారి ఎలా ఉందో తెలీదన్నారు. పైడమ్మ ఏడవలేదు. ముందే ఏడిస్తే అశుభమని ఆ వీధి ఆడవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు ఆమె గుమ్మంలో కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతూ, పిల్లల జ్వరాల గురించీ నూనె ధర గురించీ మాట్లాడేవాళ్ళు. ఆ మాటల్లో ఘాటీ అనేది ఎక్కడా వచ్చేది కాదు. నాకు అన్నం దిగేది కాదు. కళ్ళు మూస్తే నేను రాసిన చప్పుడు వినిపించేది. చెప్పేస్తే లారీ పడిపోతుందేమో, చెప్పకపోయినా పడిపోతుందేమో. అమ్మ నుదురు తాకి చూసి జ్వరం లేదే అనేది.

ఆ సాయంత్రం నూకాలు తలా ఒక మలుపు తీసుకున్న పిల్లలందర్నీ షెడ్డుకు పిలిచింది. ఇంకో లారీ బాడీ సగం కట్టి ఉంది. రేకుల మీద వాన దంచుతోంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి గాని గొంతు స్థిరంగానే ఉంది.

"మా నాన్న లారీని దించుదాం. ఎవుడి మలుపులో ఆడు పట్టుకోవాల. మాట తప్పకూడదు."

ఆమె కళ్ళు మూసుకుంది. "పైనుంచి బయల్దేరినాది. గోళ్ళమ్మ పట్టుకున్నాది. దానియేలూ, తీసుకో."

"ఇనపతోక పట్టుకున్నాది," అన్నాడు దానియేలు, పిడికిళ్ళు బిగించి.

అలా లారీ ఒక్కొక్కరి నోటి మీదుగా ఒక్కో మలుపు దిగుతూ వచ్చింది. ఎవరూ నవ్వలేదు. లారీ దగ్గరపడే కొద్దీ నేను వెనక్కి జరుగుతూ పోయాను. 'పట్టుకున్నాది' అంటే అబద్ధం, నేను రాసింది అది కాదు, రాసింది కొట్టకూడదు. నిజం చెప్తే ఆమె తండ్రిని ఆమె ఎదుటే నేను లోయలోకి తోసినట్టు.

"నీ మలుపు వచ్చినాదిరా," అంది నూకాలు కళ్ళు తెరిచి. సూటిగా నన్నే చూసింది. "పట్టుకో."

నేను బాడీ అంచు మీద చెయ్యి వేశాను.

"బేగి సెప్పు. జారిపోతాది."

నేను బాడీలోంచి కిందికి దూకి, చెప్పులు అక్కడే వదిలి, వానలో ఇంటికి పరిగెత్తాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. దుప్పటి కప్పుకుని, చెవులు మూసుకుని పడుకున్నాను. తర్వాత దానియేలు చెప్పాడు, మిగిలిన పిల్లలు వెళ్ళిపోయినా నూకాలు అక్కడే కూర్చుందని. నా డ్రాగన్‌ గురించి ఆమె ఏమీ చెప్పకూడదు గనక, తనే ఆ మలుపులో నిలబడి, 'నాను పట్టుకున్నాను, నాను పట్టుకున్నాను' అని గొంతు బొంగురుపోయేదాకా అంటూనే ఉందని.

మర్నాడు మధ్యాహ్నం అప్పలస్వామి నడిచి వచ్చాడు. కొండచరియ విరిగి దారి మూసుకుపోతే లారీని పైనే వదిలి, మోకాళ్ళదాకా బురదతో, ఒక పనసకాయ భుజాన వేసుకుని వచ్చాడు. వీధంతా అప్పుడు ఏడ్చింది. నేను కిటికీలోంచి చూశాను. వెళ్ళలేదు. నూకాలు నా చెప్పులు దానియేలుతో పంపింది. తర్వాత రెండేళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నా నేను షెడ్డులోకి అడుగుపెట్టలేదు, ఆమె రమ్మనలేదు. పెద్దయ్యాక ఆ లోకాన్ని నలుగురికీ పంచింది ప్రేమతోనే అని చెప్పుకుంటూ వచ్చాను. అందులో సగం, చెయ్యలేకపోయిన పని పక్కన తచ్చాడటమే.

మొన్న ఘాటీ దిగాక కారు సాలూరులోకి తిప్పాను. షెడ్డు ఉన్నచోట టైర్ల షోరూము ఉంది. చెక్క బాడీలు కట్టేవాళ్ళు తగ్గిపోయారు, ఇనప బాడీలు ఎక్కడో తయారై వస్తున్నాయి. పెన్సిలు నిలిచే పలక ఏ లారీకీ లేదు. బస్టాండు దాటాక డ్రైవర్లు తినే చిన్న హోటల్ నూకాలుదని తెలుసు. ఎన్నోసార్లు దాని ముందు నుంచే వెళ్ళాను. ఈసారి ఆగాను.

"ఏటిరా మేష్టారి గుంటడా, పొట్టొచ్చేసినాది," అంది పెనం మీద అట్టు తిప్పుతూ. అప్పలస్వామి పోయి చాలాకాలమైందట, మంచం మీద, అందరి మధ్యా.

ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. "నూకాలూ, మీ నాన్న లారీ బాడీ మీద నేనప్పుడు రాసింది..."

"రంగెయ్యకముందే సదివేసినాను. కొత్తోలు రాసింది సదవడం నా పనే గదా."

"తెలిసి కూడా ఆ రోజు నన్నెందుకు అడిగావు?"

"నీ డ్రాగన్ని నువ్వే గదరా లేపాల. నా నోటితో లేపితే లెగుస్తాదేటి? రాసింది కొట్టకూడదన్నాను గాని, ముందుకి సెప్పకూడదన్నానా? లెగిసినాది, లారీని పట్టుకున్నాది అని ఒక్క మాటంటావని సూసినాను. నువ్వేమో సెప్పులొదిలీసి పరిగెట్టీసినావు."

బల్లల దగ్గర తింటున్న డ్రైవర్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళూ ఆ రోజు రెండే దారులున్నాయని, రెండూ మూసుకుపోయాయని నమ్మాను. మూడోది నా నోట్లోనే ఉంది. ఆ పిల్ల దాన్ని నాకోసం తెరిచి పట్టుకుని నిలబడింది.

నూకాలు ఫోను నా ముందు పెట్టింది. మ్యాపు మీద చిన్న నీలం చుక్క కొండల మధ్య మెల్లగా కదులుతోంది. "మావోడు. అల్లం లోడుతో దిగతన్నాడు. ఇప్పుడు సెప్పు. దాని పేరు మాత్రం ఎత్తకు."

ఆ నీలం చుక్క ఒక మలుపు తిరుగుతోంది. అంతమంది మధ్య మెల్లగా, "లేచింది... పట్టుకుంది," అన్నాను.

"గట్టిగా సెప్పరా. ఘాటీ దాకా ఇనపడాల."

గట్టిగా చెప్పాను. మా అబ్బాయి నన్ను వింతగా చూసి, ఇంక బయల్దేరదామా అన్నాడు. ఆమె కొడుకు లారీ హోటల్ ముందు ఆగి, వాడు దిగి, చెయ్యి కడుక్కుని, తల్లిని అట్టు అడిగేదాకా నేను అక్కణ్ణుంచి లేవలేదు.