నాలుగు వేళ్ళ అడుగులు

నేను ల్యాబులో పనిచేసే మనిషిని. పరీక్షకు నిలవని మాట నాకు రుచించదు. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్య పిల్లల హేచరీలో పద్దెనిమిదేళ్ళుగా నీళ్ళు పరీక్షించి కాగితం మీద సంతకం పెట్టడం నా పని. ఇంట్లోనా, దయ్యాల ఊసెత్తితే మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పని, అంతే మా నమ్మకాలు. కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ అడగను. నాకే నమ్మకం కుదరక ఏడాదిగా చిరాకు పడుతున్నాను.

మా తమ్ముడు సుధాకర్‌దీ రొయ్యల పనే. చెరువుల్లో రోగాలు చూసే టెక్నీషియన్. వియత్నాంలో ఒక మేత కంపెనీలో ఉద్యోగమొచ్చి హోచిమిన్ సిటీకి వెళ్ళాడు. వారమంతా పల్లెల్లో చెరువుల మీద, వారం చివర నగరంలో ఒక అద్దె గదిలో. రెండేళ్ళు తిరక్కుండానే ఒక ఆదివారం మధ్యాహ్నం గుండెపోటుతో పోయాడు. నలభై ఒక్క ఏళ్ళవాడు. శవపెట్టె వచ్చింది, దాంతోపాటు ఒక సూట్‌కేసు, ఒక డెత్ సర్టిఫికెట్టు. గదిలో చనిపోయాడన్న ముక్క తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు, నిరుడు, మా హేచరీ వాళ్ళు నన్ను అదే ఊరికి రెండు వారాల ట్రైనింగుకు పంపారు. బయల్దేరే ముందు మా మరదలు సునీత నెల్లూరు నుంచి వచ్చింది. నా పెట్టెలో పచ్చడి సీసా సర్దుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“వదినా, ఆయన పొయ్యేటప్పుడు పక్కన ఎవరన్నా ఉండారా, ఒక్కడే ఉండాడా? అదొక్కటి కనుక్కోనిరా. ఇంకేం తేవద్దు.”

రెండేళ్ళుగా ఆ పిల్ల నిద్రపోనిది దీనికోసమని నాకు అప్పుడే తెలిసింది.

సుధాకర్ మీద నాకున్న విసుగు కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మొదటిది, వాడు ఎవరితో నడిచినా పది అడుగులు ముందుంటాడు. నెల్లూరు బజారులో నేను సంచులతో వెనకపడితే ఒక్కసారి కూడా తిరిగి చూసిన పాపాన పోలేదు. రెండోది ట్రే. హేచరీలో గది గుమ్మం దగ్గర ఒక ట్రేలో పర్మాంగనేట్ పొడి కలిపిన గులాబీ రంగు మందు నీళ్ళు పెడతాం. ఒక చోటి రోగం ఇంకో చోటికి పోకుండా పాదాలు అందులో ముంచి లోపలికి రావాలి. అది హేచరీలో. వీడు ఇంటి గుమ్మం దగ్గర కూడా పెట్టేవాడు. తెల్ల టైల్స్ మీద వాడి పాదాల మరకలు రుద్దలేక సునీత ఎన్నిసార్లు అలిగిందో. ఆ పాదాలు ఎవరివో అడగక్కరలేదు. చిన్నప్పుడు చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ రెక్క తగిలి ఎడమ కాలి చిటికెన వేలు పోయింది.

ఇక ఆ ఊరి సంగతి. రోడ్డు దాటడమే ఒక పరీక్ష. మోటారు సైకిళ్ళు ఆగవు. ఆగకుండా ఒకే తీరుగా నడిచిపో, వాళ్ళే తప్పుకుంటారని ట్రైనింగులో ఒకాయన చెప్పాడు. నేను తొలిరోజు పావుగంట నిలబడి, దాటకుండానే హోటల్‌కు తిరిగొచ్చేశాను. కాఫీ అడిగితే గ్లాసు నిండా ఐసు. కూర్చోవడానికి జానెడు ఎత్తు ప్లాస్టిక్ స్టూలు. నా మోకాళ్ళతో దాని మీద కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఒక ఎత్తు.

అన్నిటికంటే చిరాకు అడ్రసు. సర్టిఫికెట్టు మీద ఇంటి నెంబరు మూడు ముక్కలుగా, మధ్యలో గీతలతో ఉంది. మొదటిది సందు నెంబరు, రెండోది సందులో సందు, మూడోది ఇల్లు. ఆదివారం సెలవు దొరికి మధ్యాహ్నం బయల్దేరాను. బైకు అబ్బాయి సందు మొదట్లో దింపి పోయాడు. ఫోనులో మ్యాపు చూస్తే నేను ఒక గోడలో ఉన్నాను. నలభైఐదో నెంబరు పక్కన నలభైఏడు ఉండదట, ఎనభై ఉంటుందట. మూడుసార్లు తిరిగి, సందు మొదట్లో ఉన్న కాఫీ బండి దగ్గరే తేలాను. బండి ఆవిడ నవ్వి మళ్ళీ స్టూలు చూపించింది. అప్పుడే వాన.

వాన పావుగంటలో వెలిసింది. నిజం చెప్పాలంటే, అప్పటికి సునీతకు ఏదో ఒకటి కల్పించి చెప్పేద్దామన్న నిర్ణయానికి వచ్చేశాను. లేచి వెనక్కి తిరిగితే తడి గచ్చు మీద కనిపించాయి.

ఉత్త పాదాల గుర్తులు. గులాబీ రంగు. ఎడమ పాదానికి నాలుగే వేళ్ళు.

నాకు భయం వేయలేదు, కోపమొచ్చింది. ఎవరో ఆటలాడుతున్నారనుకుని వంగి చూశాను. పర్మాంగనేట్ రంగు నాకు కొత్త కాదు. నేలమీద పడిన కాసేపటికే గోధుమ రంగుకు తిరుగుతుంది. గులాబీగా ఉందంటే అప్పుడే పడిందన్నమాట. ఇంకో సంగతి, ఒకసారి ముంచిన పాదం ఐదారు అడుగులకే ఆరిపోతుంది. ఇవి నాలుగు మలుపులు తిరిగాయి. చివరి అడుగు కూడా మొదటి అడుగంత చిక్కగా ఉంది. నేను నెమ్మదిగా నడిచినా, వేగంగా నడిచినా కొత్త అడుగు పడటం మాత్రం కళ్ళబడలేదు. ప్రతి మలుపులోనూ అప్పటికే పడి ఉన్నాయి.

ఆకుపచ్చ గేటు ముందు ఆగాయి. గేటు మీద సర్టిఫికెట్టులోని నెంబరే ఉంది.

తలుపు తీసిన ఇంటి యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. ఫోనులో సుధాకర్ ఫోటో చూపించాను. ఆవిడ ఫోటో చూసి, నా మొహం చూసి, తడి చేత్తో నా చెంప పట్టుకుంది. లోపల కూర్చోబెట్టింది, స్టూలు మీదే. నేను ఫోనులోని అనువాదం యాప్‌లో తెలుగులో అడిగాను. ఆవిడ తన భాషలో చాలాసేపు చెప్పింది. ఆ యంత్రం రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటు గొంతుతో తెలుగులో చెప్పింది.

“అతని తల నా ఒడిలో ఉంది. నేను విసురుతున్నాను. చివరి వరకు చెయ్యి వదలలేదు.”

ఇంటి ముందు వాడి పెట్టె దించినప్పుడు కూడా ఏడవని నేను, ఆ జానెడు స్టూలు మీద కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి గుమ్మం వైపు చూస్తే నీలం ప్లాస్టిక్ ట్రే కనిపించింది. అదే రకం. ఆవిడ దాని నిండా మట్టి పోసి కొత్తిమీర వేసుకుంది. అతను పోయాక, అందులో కలిపే పొడి ఏమిటో తెలియక పారేశానంది. ఇప్పుడు ఇంట్లో తను ఒక్కతే ఉంటుందట. ఆవిడ పాదాలు చూశాను. చిన్నవి, పది వేళ్ళూ ఉన్నాయి.

బయటికొచ్చేసరికి మళ్ళీ వాన. సందులో నీళ్ళు పారుతున్నాయి, గుర్తులేమీ లేవు. అంత సేపూ అలసటతో ఏదో ఊహించుకున్నానని సర్దిచెప్పుకున్నాను. హోటల్లో బూట్లు విప్పేదాకా ఆ మాట నిలబడింది.

ట్రైనింగుకని కొన్న తెల్ల కాన్వాసు బూట్లు. రెండింటి అంచులకూ గోధుమ రంగు మరకలు. ఆ అడుగుల మీదే అడుగులు వేసుకుంటూ వెళ్ళాను మరి. బురద కావచ్చు, ఇటుక పొడి కావచ్చు. సబ్బు పెట్టి తోమితే పోలేదు. పర్మాంగనేట్ మరక నిమ్మరసానికి ఇట్టే పోతుంది, మా ల్యాబులో చేతులకు రోజూ చేసే పనే. కింద నుంచి నిమ్మకాయ తెప్పించి కుడి బూటు మీద పిండాను. చూస్తుండగానే తెల్లబడింది.

ఆ సాయంత్రమే సునీతకు ఫోన్ చేసి ఆవిడ చెప్పింది చెప్పాను. చెప్పిందే మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత ఇల్లు ఎట్టా దొరికింది వదినా అని అడిగింది. దారిలో వాళ్ళని అడుగుతూ పోయానన్నాను. సంతకం పెట్టమంటే ఆ మాట కింద పెట్టలేను.

ఆ నీళ్ళు ఎవరు కలిపారో, ఎక్కడ ముంచారో ఇప్పటికీ చెప్పలేను. ఎడమ బూటును నిమ్మకాయకు దూరంగా బీరువాలో దాచాను. అప్పుడప్పుడు తీసి చూస్తాను, చూసిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. నాలుగు మలుపులు ముందు నడిచాడు కదా, ఒక్కసారి ఆగి వెనక్కి తిరిగితే వాడి సొమ్మేం పోయేది?