రత్నకుమారి చూడని ముక్క

నా భార్య రత్నకుమారి పోయి రెండేళ్లు దాటింది. ఆమె ఏం పని చేసేదో మా బంధువుల్లో సగం మందికి చివరిదాకా తెలియదు. కోస్తా నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ మా క్రైస్తవ కుటుంబాల్లో ఆడమనిషి ఆస్పత్రికి వెళ్తోందంటే నర్సే అయి ఉండాలి. ఆమె కూడా సరిదిద్దేది కాదు. "ఏమని చెప్పనండీ, మాంసం ముక్కలకి రంగులేస్తానని చెప్పనా?" అనేది.

నిజానికి ఆమె పని అదే. క్యాన్సర్ ఆస్పత్రి లాబ్‌లో టెక్నీషియన్. గొంతులోంచో నాలుక మీదనుంచో డాక్టర్లు తీసిన చిన్న ముక్కని మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజు స్లైడు మీద పరిచి రంగు వేసేది. కొన్ని రంగులు ఒక్క ప్రొటీన్‌ని మాత్రమే వెతికి పట్టుకుంటాయి. టాన్సిల్ దగ్గర వచ్చే గడ్డల్లో పీ-16 అనే ప్రొటీన్ కోసం అలా వెతుకుతారు. అది ఉంటే ముక్క గోధుమరంగు తిరుగుతుంది. అలాంటి గడ్డ రేడియేషన్‌కి బాగా లొంగుతుందని, మనిషి ఎక్కువకాలం బతికే అవకాశం ఉందని అర్థం. రంగు రాకపోయినా వైద్యం అదే, ఆశే కాస్త తక్కువ.

రోగి ముక్క పక్కనే అదే స్లైడు మీద ఇంకో ముక్క కూడా పెడతారు. ఆ ప్రొటీన్ ఉందని ముందే తెలిసిన ముక్క. అది గోధుమరంగు తిరిగితేనే ఆ రోజు రంగు సరిగ్గా పనిచేసినట్టు. ఎవరి స్లైడైనా సరే, ముందు ఆ పక్క ముక్కనే చూడాలని రత్న కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేది.

2014 ఆగస్టులో చిన్నారావు అనే ఆయన వచ్చాడు. బొబ్బిలి వైపు మనిషి. రాయ్‌పూర్ శివారు భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో లారీల లోడింగు చూసేవాడు. టాన్సిల్ క్యాన్సర్. ఆలస్యం చెయ్యకూడదని రేడియేషన్ ముందే మొదలుపెట్టారు, ముప్పై అయిదు సిట్టింగుల్లో ఎనిమిది అయ్యాయి. పీ-16 రిపోర్టు ఇంకా రావాలి. అందరూ హిందీ మాట్లాడే ఆ ఆస్పత్రిలో తెలుగావిడ ఒకరున్నారని ఎవరో చెబితే రోజూ లాబ్ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవాడు. ముక్కకి రంగు వస్తే మంచిదని డాక్టర్లు చెప్పి ఉన్నారు, అందుకని "నా పంట పండిందా అమ్మా?" అని అడిగేవాడు.

ఆ బుధవారం పొద్దున కూడా వచ్చాడు. అతని స్లైడు అప్పుడే తయారైంది. కిటికీ దగ్గర ఎవరికీ ఏమీ చెప్పకూడదన్నది నియమం. కానీ రోజూ చూసే మనిషి, బాగుంటే బాగుండునని ఆమె మనసులోనూ ఉంది. గబగబా మైక్రోస్కోపు కింద పెట్టి అతని ముక్కనే చూసింది. ఎక్కడా గోధుమరంగు లేదు.

"రంగు రాలేదు చిన్నారావు గారూ" అంది. అతను "ఓహో" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం డాక్టర్ భాగ్యశ్రీ అదే స్లైడు చూసి, పక్క ముక్కకే రంగు పట్టలేదు కదా అన్నారు. రత్న వెంటనే కారణం వెతికింది. రంగు వేసేముందు స్లైడ్లని మందునీళ్ళలో ప్రెషర్ కుక్కర్లో ఉడికించాలి. మన వంటింట్లో ఉండే కుక్కరే. దాని గాస్కెట్ గట్టిపడి పక్కల నుంచి ఆవిరి పోయింది. లోపల కావలసినంత వేడి పుట్టలేదు. ఆ స్లైడుని బట్టి అవుననీ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. కిటికీ దగ్గర తాను నోరు జారిన సంగతి రత్న అప్పుడే ఒప్పుకుంది. ముందు ఆ మనిషిని వెతకమన్నారు డాక్టరమ్మ. రేడియేషన్ గది దగ్గర అడిగితే ఆ రోజు సిట్టింగుకి రాలేదన్నారు. ఫోన్ స్విచాఫ్.

సాయంత్రం నేను రైల్వే ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధిలోనే నిలబడి ఉంది. "చెప్పులు విప్పకండి. చలో, భన్‌పురి పోదాం" అంది. ఆస్పత్రి రికార్డులోంచి రాసుకొచ్చిన అడ్రసు పట్టుకుని స్కూటర్ మీద వెళ్ళాం.

చిన్నారావు మంచం మీద బట్టలు మడతపెట్టుకుంటున్నాడు. అతని భార్య పార్వతమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది.

"రేప్పొద్దున బండికి ఊరెళ్ళిపోతాడంటమ్మా. మీరే సెప్పండి" అంది.

"ఏటి సెప్తారు? ఆయమ్మ సెప్పినాకే గదా ఎల్తన్నాను" అన్నాడు చిన్నారావు. "మా అన్నయ్య ఈ జబ్బుకే ముప్పై అయిదు సిట్టింగులూ పెట్టించుకున్నాడమ్మా. పీకంతా మాడిపోయి, ముక్కులో గొట్టంతోటే పోయినాడు. రంగొస్తే ఆ బాదంతా పడదాం, రాకపోతే ఇంటికాడ కూకుందాం అనుకున్నాను. రానేదు. బస్, అయిపోయింది."

ఈ లెక్క అతను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. రత్న నావైపోసారి చూసి నేలమీదే కూర్చుంది.

"సీధా చెప్పేస్తాను. గల్తీ నాది. ఆ రంగే పనిచెయ్యలేదు. కుక్కర్ గాస్కెట్ పాడైపోయింది. నేను చూసుకోకుండా చెప్పేశాను."

చిన్నారావు మడత ఆపాడు. "అయితే ఒచ్చినట్టా?"

"వచ్చిందనీ చెప్పను, రాలేదనీ చెప్పను. మళ్ళీ వెయ్యాలి."

"ఏటమ్మా, మీ కుక్కర్ కూత ఎయ్యనేదని నా పాణాన్ని బండెక్కించేసినారా?"

"ఎక్కించేశాను. ఇప్పుడు దింపడానికొచ్చాను."

పార్వతమ్మకి నవ్వాగలేదు. అతనికీ నవ్వొచ్చింది గానీ గొంతు నొప్పికి మధ్యలోనే ఆపేశాడు.

"రంగు ఎలా వచ్చినా రేపు సిట్టింగుకి రావాలి. డాక్టర్లు కూడా అదే చెప్పారు కదా."

"రంగు సంగతి తేలీదాకా ఒస్తాను. అవతల మాట అవతల" అన్నాడు. అంతకుమించి మాటివ్వలేదు. పార్వతమ్మ అతని చొక్కా జేబులోంచి టిక్కెట్టు తీసి తన కొంగుకి ముడేసుకుంది.

మర్నాడు రత్న మా ఇంటి కుక్కర్ గాస్కెట్ లాబ్‌కి పట్టుకుపోయింది. సైజు సరిపోయింది. కొత్తది కొనేదాకా మేము గిన్నెలో గంజి వార్చుకున్నాం. ఆ రాత్రి భోజనం దగ్గర, స్లైడు ఈసారి సరిగ్గా వచ్చిందా అని అడిగాను. "మీకు కూడా చెప్పను" అంది. అన్నం కలిపింది గానీ తినలేదు. డాక్టరు సంతకం పెట్టేదాకా తన కళ్ళని తానే నమ్మనంది.

శుక్రవారం పదింటికి చిన్నారావు మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మీరేటీ సెప్పొద్దు. ఓపాలి మొకం సూపెట్టండి, సాలు."

రత్న అతనికి వీపు పెట్టి నిలబడింది. "మొహం కూడా రిపోర్టే. పైకెళ్ళి డాక్టర్ని అడగండి."

"అబ్బో, ఇయ్యాల కానూను వొచ్చేసింది" అనుకుంటూ అతను మెట్లెక్కాడు.

ముందురోజు సాయంత్రమే ఆమె ఆ స్లైడు చూసింది. ముందు పక్క ముక్క, ముదురు గోధుమరంగు. తర్వాత అతని ముక్క. అంచు నుంచి అంచుదాకా అదే రంగు. శుక్రవారం పొద్దున్నే డాక్టర్ భాగ్యశ్రీ రెండుసార్లు చూసి సంతకం చేశారు.

కిటికీలోంచి రేడియేషన్ గది ముందున్న బెంచీ కనిపిస్తుంది. అరగంటకి చిన్నారావు ఫైలు చంకలో పెట్టుకుని దిగాడు. లాబ్ వైపు రాలేదు. బెంచీ మీద నాలుగోవాడిగా కూర్చుని, తన వంతు రాకముందే చొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. పక్కాయన ఏదో అంటే గుండీలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"నావైపు చూడనైనా చూడలేదండీ" అంది రత్న ఇంటికొచ్చి. ఇంత సంతోషంగా ఒక మనిషి గురించి ఫిర్యాదు చెయ్యడం నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రం ఏడింటికే, చేతిలో టీ గ్లాసుతో, కుర్చీలోనే నిద్రపోయింది. గ్లాసు తీసి పక్కన పెట్టాను. లేపలేదు.

చిన్నారావు ముప్పై అయిదూ పూర్తిచేశాడు. నోరు ఎండిపోతూ ఉంటుందని ఎక్కడికెళ్ళినా నీళ్ళ సీసా పట్టుకెళ్తాడు. ఇప్పటికీ భన్‌పురిలో లారీల మధ్య నిలబడి అరుస్తూనే ఉన్నాడు.