రత్నం, వాడి చెయ్యి, ఒక చిన్న మాత్ర

నిన్న పొద్దున ఫోన్లో రత్నం భార్య సుశీలమ్మ, "అన్నయ్యా, ఈయన లేవట్లేదు" అంది.

వాడేదో వేషం వేస్తున్నాడనుకున్నాను. చెప్పులేసుకుంటూ కూడా తిడుతూనే ఉన్నాను.

వెళ్లేసరికి నిజంగానే పోయాడు.

మా దేవరత్నం, తిరువూరులో జువాలజీ మాస్టారు. పక్క గదిలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. వాడి క్లాసు నవ్వులకి నా లెక్కలు తప్పేవి.

రిటైరయ్యాక ఏదో నరాల జబ్బొచ్చి, కుడి చెయ్యి దానంతటదే పైకి లేచేది.

వినాయక చవితికి మా వీధిలో లడ్డూ వేలంపాట. చర్చికి వెళ్లే మనిషి, పాపం నాకు తోడుగా వచ్చి కూర్చున్నాడు. చెయ్యి లేచింది. పాట పెరిగింది. "నాకొద్దు బాబూ" అంటుండగానే మళ్లీ లేచింది.

కమిటీ వాళ్లు మెడలో దండేశారు.

స్నేహితులం తలా కాస్త వేసుకుని కట్టాం. పాస్టరు గారికి ఏం చెప్పాలో తెలియక లడ్డూ మొత్తం మా ఇంట్లో పెట్టి పోయాడు. నాకేమో షుగరు.

దాంతో సుశీలమ్మ వాణ్ణి విజయవాడ తీసుకెళ్లింది. మాత్ర రాశారు. చెయ్యి ఆగింది.

కొన్నాళ్లకి మనిషీ ఆగిపోయాడు. జోకు లేదు, కోపం లేదు. గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. నాకు భయమేసింది.

ఏంట్రా అని అడిగితే అరటికాయ తెచ్చి కోశాడు. ఒక ముక్క నీళ్లలో వేశాడు, ఒకటి బయట ఉంచాడు. మెదడులో డోపమైన్ అనే రసాయనం చిన్న చిన్న సంచుల్లో ఉంటుందట, నీళ్లలో ముక్కలా భద్రంగా. ఈ మాత్ర దాన్ని సంచిలోకి పోనివ్వదట. బయట మిగిలింది ఆక్సీకరణం చెంది ఖర్చయిపోతుందట, గాలికి ముక్క నల్లబడ్డట్టు. చెయ్యి లేపేదీ ఆ సరుకే, హుషారిచ్చేదీ ఆ సరుకే. అందుకని రెండూ పోయాయట.

లెసన్ బాగానే చెప్పాడు. ఒక్క జోకూ వేయలేదు.

ముగ్గురం మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. డోసు తగ్గిస్తే చెయ్యి మళ్లీ ఆడొచ్చన్నారు. వాడు నా వైపు చూశాడు. నేను సుశీలమ్మ వైపు చూశాను.

"చెయ్యి ఆడితే ఆడనీయండి డాక్టరు గారూ. నాకీయన కావాలి."

తగ్గించారు. మెల్లగా వాడు తిరిగొచ్చాడు. మొదటి జోకు నా బట్టతల మీదే. అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

మొన్న సాయంత్రం వాడేదో అంటే టీ తాగుతున్న సుశీలమ్మకి పొలమారిందట. నిన్న ఇంటినిండా జనం ఏడుస్తుంటే, ఆ మాట నాకు చెప్పబోయి నవ్వేసింది. ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాతే నన్ను పట్టుకుని ఏడ్చింది.

వెళ్లిరా రత్నం. నీకు శాంతి కలగాలి.

అక్కడ నీ పక్కన కూర్చునేవాళ్లకి మాత్రం కష్టమే.