ఎస్తేరక్క తెరిచి చూపించమన్న డిస్కు

తొలకరి చినుకులు బొగ్గు దుమ్ము మీద పడితే మా గోదావరిఖనిలో ఒక వాసన లేస్తుంది. తడిసిన మసి, వేడి తారు కలిసిన వాసన. నిన్న సాయంత్రం కుట్టు గది కిటికీలోంచి ఆ వాసన రాగానే పిడుగు పడుతుందేమోనని చేతిలో పని వదిలేసి కంప్యూటర్ ప్లగ్ పీకేశాను. ఆ వెంటనే ఎస్తేరక్క గుర్తొచ్చింది.

ఎస్తేరక్క గని ఆఫీసులో క్లర్కు. క్వార్టర్లలో మా పక్కిల్లే. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు అందరికంటే ముందు నేర్చుకున్నది ఆమేనని గనిలో పనిచేసే మా ఆయన చెప్పేవాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు నేను ఎంబ్రాయిడరీ మిషన్ కొని పెళ్లి జాకెట్ల పని మొదలుపెట్టాను. కంప్యూటర్లో డిజైన్ గీస్తే మిషన్ దాని ప్రకారం కుడుతుంది. ఒక్కో నెమలి వెనుక, ఒక్కో మామిడిపిందె వెనుక వారాల కష్టం ఉండేది. నా సంపాదనంతా ఆ ఫైళ్లే.

ఒకరోజు జాకెట్ కోసం వచ్చిన ఎస్తేరక్క కంప్యూటర్ వైపు చూసి అడిగింది.

“సరితా, గిది ఖరాబైతే ఏం చేస్తవ్?”

“ఫికర్ లేదక్కా. అన్నిటికి కాపీలు వేరే ఫోల్డర్ల పెట్టిన.”

“గీ డబ్బాలనేనా?”

“అవునక్కా.”

“డబ్బా పోతే రెండూ పోతయి గదా.”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్‌డ్రైవ్ చాలదా అన్నాను. అంత చిన్నదాన్ని దారాల డబ్బాల మధ్య పారేసుకుంటావంది. పోనీ అన్నీ ఇంటర్నెట్‌లో దాస్తానన్నాను. మా ఇంట్లో నెట్ అంటే ఫోన్ నుంచి వచ్చేదే, సగం ఫైళ్లు ఎక్కేలోపే డేటా అయిపోయేది. చివరికి ఇద్దరం ఒక మాట మీదికొచ్చాం. ప్రతి ఆదివారం అన్ని ఫైళ్లనూ విడి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి వాళ్లింట్లో పెట్టాలి. వారం మధ్యలో గీసిన కొత్తవాటిని మాత్రం వెంటనే ఇంటర్నెట్‌లో దాచాలి.

“ఇదే మంచి పద్ధతా అక్కా?” అని అడిగాను.

“నువ్వు వారం వారం చెయ్యగలిగేదే మంచిది. చెయ్యలేనిది ఎంత గొప్పదైతే ఏం లాభం?”

ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చేసరికి డిస్కు పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను. బీరువాలో పెడుతుందనుకుంటే, తన కంప్యూటర్‌కు తగిలించి “తెరిచి చూపియ్యి” అంది. పేర్లన్నీ వరుసగా కనిపించాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. తెర మీది గుర్తులనే ఫైళ్లనుకుని, షార్ట్‌కట్లను కాపీ చేసుకొచ్చాను.

“నువ్వు తెచ్చింది డిజైన్లు గాదు, వాటి అడ్రసులు,” అంది ఆమె. నా ముఖం చూసి గొంతు తగ్గించింది. “ఇయ్యాల తెలిసింది, మంచిదాయె. జల్ది పోయి అసలువి పట్టుకరా.”

మళ్లీ కాపీ చేసి తెచ్చాను. ఈసారి ఆమె తెర మీద నా డిజైన్లు ఒకదాని వెనక ఒకటి విచ్చుకుంటుంటే, ఇద్దరం చాయ్ తాగుతూ అన్నీ చూశాం.

కొన్నాళ్లకు పెళ్లిళ్ల కాలంలోనే మా వీధి కరెంటు స్తంభం మీద పిడుగు పడింది. నేను బజారులో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి కంప్యూటర్ మాడిపోయి ఉంది. ప్లగ్ తీసి ఉన్న మిషన్‌కు మాత్రం ఏమీ కాలేదు. మందమర్రి పెళ్లికూతురి జాకెట్ మర్నాడే ఇవ్వాలి. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన తల పట్టుకున్నాడు.

“ఇప్పుడెట్లనే?”

“ఎస్తేరక్క కాడ ఉన్నయి,” అన్నాను. నా గొంతు అంత నిదానంగా పలకడం నాకే వింతగా అనిపించింది.

ఎస్తేరక్క డిస్కుతో పాటు, ప్లగ్ పీకి ఉంచడంతో బతికిన తన కంప్యూటర్ కూడా తెచ్చి మా గదిలో పెట్టింది. ఒక్కో ఫైలూ తెరుచుకుంది. రెండు రోజుల కింద గీసిన తామరపూల అంచు ఇంటర్నెట్ నుంచి దిగింది. ఏదీ పోలేదు. మిషన్ మళ్లీ తిరగడం మొదలుపెట్టగానే ఎస్తేరక్క నా వీపు మీద గట్టిగా చరిచింది. మర్నాడు పెళ్లికూతురి తల్లి జాకెట్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “మా చెల్లె బిడ్డకు సుత నువ్వే కుట్టాలె,” అంది. ఆ సంవత్సరం పెళ్లిళ్లలో నేను ఒప్పుకున్న జాకెట్లన్నీ అనుకున్న రోజుకే అందాయి.

రిటైరయ్యాక ఎస్తేరక్క గోలేటిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. నా డిస్కు ఇప్పుడు ఎదురింటి బీరువాలో ఉంటుంది. ఆమె నాకు ఫైళ్లు దాచుకోవడమే నేర్పిందని చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఆమె వల్ల నాకొచ్చింది ధైర్యం. అసలుది భద్రంగా ఉందని తెలిశాక, గీసినదాన్ని చెరపడానికి వెనకాడటం మానేశాను. పాడవుతాయేమోనని ముట్టుకోని డిజైన్లన్నీ విప్పి, కలిపి, తిరగేసి కొత్తవి చేస్తున్నాను. ఈ ఉదయం కూడా, ఊరంతా అడిగి కుట్టించుకున్న ఏనుగుల అంచును తెరిచి ఏనుగులన్నిటినీ తీసేశాను. ఖాళీ అయిన ఆ చోట ఏం గీయాలో ఇంకా తేల్చుకోలేదు.