పేరు రాయని కాగితం

మనుషుల దగ్గర కూర్చుని వాళ్ల బతుకులు రాసుకునే చదువులో చేరామని మొన్న ఫోన్లో చెప్పారు కదర్రా. అందుకని మీ అమ్మమ్మగా మీకు ఇది చెబుతున్నాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అరవైల్లో మాట. నాకు పద్నాలుగేళ్లు. నూజివీడులో మా నాన్నగారిది మామిడికాయల వ్యాపారం. ముసునూరు వైపు తోటల్లో కాపు గుత్తకు తీసుకునేవారు. ఆ వేసవిలో కూలివాళ్ల బతుకుల మీద పరిశోధన చెయ్యడానికి ఒకావిడ వచ్చి మా ఇంట్లో దిగారు. తోటకు వెళ్లేటప్పుడు ఆవిడకు తోడుగా నాన్నగారు నన్ను పంపారు.

ఆవిడ ప్రశ్నల కాగితం పట్టుకుని అడుగుతారనుకున్నాను. అడగలేదు. కూలివాళ్ల పక్కనే కూర్చుని కాయలకంటిన సొన తుడిచేవారు, బుట్టల్లో గడ్డి పరిచేవారు. మూడు రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు, ఎప్పుడో ఎడమచెయ్యి కాలిపోయి, వేళ్లు ముడుచుకుపోయిన ఒకామె నోరు విప్పింది.

“ఏమండీ, మా కష్టాలు రాస్తే మీకు జీతమిస్తారా? అయితే నాయి రాసుకోండి, బోలెడున్నాయి.”

అందరూ నవ్వారు. మధ్యాహ్నం ఆమె ఒక్కతే మా దగ్గరికొచ్చి కూర్చుంది. గాలికి రాలిన కాయ కూడా వ్యాపారిదే, కూలివాళ్లు ముట్టకూడదు. ఆమె రోజూ రెండు కాయలు ఒడిలో దాచుకుపోతోందట.

“పప్పులోకనుకున్నారా? పప్పెక్కడిదండీ! ముక్క నంజుకుంటే పిల్లలు వట్టి గంజి తాగేస్తారు.” తర్వాత నా వైపు తిరిగింది. “అమ్మాయిగారూ, నాన్నగారికి చెప్పకండేం. నాకీ తోటే దిక్కు.”

“నీ పేరు రాయను,” అన్నారు ఆవిడ. నేనూ తలూపాను.

ఆ సాయంత్రం ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని, “ఏం రాస్తోందమ్మా ఆవిడ? చదువు, విందాం,” అన్నారు. నా చేత చదివించుకోవడం ఆయనకు సరదా. చదవడం నాకు గొప్ప. పేరు లేదు కదా, ఏమవుతుందిలే అనుకుని ఆవిడ రాసుకునే పుస్తకం తెచ్చి చదివాను. ‘ఎడమచెయ్యి కాలిన స్త్రీ’ అని మొదలైంది. రెండు కాయల దగ్గరికి వచ్చేసరికి ఆయన వక్క నమలడం ఆపారు.

“ఇక చాల్లే తల్లీ,” అన్నారు మెల్లగా.

మర్నాడు మేస్త్రి ఆమెను తోట గేటు దగ్గరే వెనక్కి పంపేశాడు. చుట్టుపక్కల తోటలకూ కబురు వెళ్లింది. పరిశోధన ఆవిడ నాన్నగారిని బతిమాలారు. “మీరు రాసుకుని వెళ్లిపోతారు. తోట కాసుకోవలసింది మేమండీ,” అన్నారాయన. ఆవిడ పుస్తకంలోంచి ఆ కాగితం చింపేశారు. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత తోటలో ఎవర్ని కదిపినా, “బాగానే ఉందండి,” అనేవారు. రెండు రోజులు ఆవిడ అదే రాసుకున్నారు. మూడో రోజు పెట్టె సర్దుకున్నారు.

నేను ఆమె గుడిసెకు వెళ్లాను. రెడ్డిగూడెం వైపు ఎవరైనా పనిలో పెట్టుకుంటారేమోనని మూట కడుతోంది. పిల్లలిద్దరూ గడపలో కూర్చున్నారు.

“నేను పేరు చదవలేదు,” అన్నాను.

ఆమె ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. “ఈ చెయ్యి ఇంకెవరికుందమ్మా?”

ఆమెకు అక్కడ పని దొరికిందో లేదో తెలుసుకుందామని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆమె పేరు నాకు తెలియదు, ఎవర్ని అడగాలన్నా ఆ చెయ్యి సంగతే చెప్పాలి. చెప్పలేక ఊరుకున్నాను.