గంటను మన్నించిన అరాజకవాది

మా కోదాడ కాలేజీ డిబేట్ జట్టులోని ఒక మిర్యాలగూడ సీనియర్ తనను తాను అరాజకవాదినని చెప్పుకునేవాడు. ఎవరైనా ఉలిక్కిపడితే చూపుడువేలు ఎత్తేవాడు. "తగలబెట్టేటోడు కాదు, చెల్లె. మనిషి మీద మనిషి పెత్తనం వద్దనేటోడు." అయితే సమయం ముగిసినట్టు గంట మోగితే మాత్రం, వాక్యం సగంలో ఉన్నా ఆపి కూర్చునేవాడు. గంటను అంతగా మన్నించిన వక్తను నేను మరొకరిని చూడలేదు.

సూర్యాపేట పోటీలో సభంతా అతని వైపే ఉంది. తీర్పు చెప్పవలసిన ముఖ్య అతిథిగారు మధ్యలో కల్పించుకున్నారు.

"మంచిగ మాట్లాడినవ్ బాబూ. అరాజకవాదినన్న ఆ ఒక్క మాట వాపస్ తీస్కో, కప్పు నీదే."

అతను జవాబుకు నోరు తెరిచాడు. గంట మోగింది. నమస్కరించి కూర్చున్నాడు. కప్పు మరొకరికి వెళ్లింది.

ఆపై అతిథిగారు క్రమశిక్షణ గురించి ప్రసంగించారు. గంట మోగింది, మళ్లీ మోగింది. "జర ఆగమ్మా!" అని గంట కొట్టే అమ్మాయిని కసిరి, ప్రసంగం కొనసాగించారు.

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను.

"ఏం చెప్పబోయినవ్ అన్నా? తీస్కుంటననా, తీస్కోననా?"

"ఇప్పుడెట్ల చెప్త చెల్లె?" అన్నాడు నొచ్చుకుంటూ. "గంట కొట్టిన్రు గద."